పెద్ద ఇగువానాకు ఇంట్లోనే గూడు కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఉన్నది ఆకుపచ్చ ఇగువానా, చెట్ల మీద బతికే పెద్ద బల్లి. మగది, పేరు భీముడు. ముక్కు నుంచి తోక చివరి దాకా 5 అడుగులు దాటింది, బరువు 4 కిలోల పైమాటే. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో వాడి కోసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల లోతు, 6 అడుగుల ఎత్తు గూడు కట్టించాను. దానికి ముందు కట్టిన మొదటి గూడు ఒక్క వానాకాలానికే పాడైంది, పైగా అందులో వాడికి దెబ్బ కూడా తగిలింది. ఆ సంగతి కింద చెప్తాను. ఫోన్లు చేసి, ఇంటికొచ్చి చూసి జనం మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలన్నీ ఒక చోట రాస్తే మీకూ పనికొస్తుంది, అక్కడ గూట్లో ఉండే ప్రాణికీ మంచిదని రాస్తున్నాను.

ఇగువానాను ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది, కానీ నమోదు చేయించాలి. ఇగువానా మన దేశపు జంతువు కాదు, మధ్య, దక్షిణ అమెరికాలది. వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో రెండో జాబితాలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ చేసి ఈ విదేశీ జాతులను నాలుగో షెడ్యూల్ కిందికి తెచ్చారు, ఆ తర్వాత 2024లో నమోదు నిబంధనలు వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, అది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గరికి వెళ్తుంది. జంతువు చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. అమ్మేవాడు "కాగితాలు తర్వాత చూద్దాం అన్నా" అంటే ఆ పిల్లను అక్కడే వదిలేసి వచ్చేయండి. గూటికి కొలతలు తీసే ముందు కాగితాలు చేతిలో ఉండాలి.

ఊళ్ళో పొలం దగ్గర ఉడుము పిల్ల దొరికింది. దానికి ఇలాంటి గూడు కట్టొచ్చా?

వద్దండీ. ఉడుము మొదటి షెడ్యూల్ జంతువు, పులితో సమానమైన రక్షణ ఉన్నది. దాన్ని పట్టినా, పెంచినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు. చట్టం మాట పక్కన పెట్టినా, మాంసం కోసం, నూనె కోసం, హత్తాజోడి అనే పేరుతో పూజా వస్తువుగా అమ్ముకోవడం కోసం (ఆ ఎండిన వస్తువు నిజానికి మగ ఉడుము జననాంగం) ఇప్పటికే వాటిని చంపుతున్నారు. దొరికిన చోటే వదిలేయండి. గాయపడి ఉంటే అటవీ శాఖకు ఫోన్ చేయండి.

పిల్ల ఇప్పుడు జానెడే ఉంది. చిన్న గూడు కట్టి తర్వాత పెంచుకుంటే సరిపోదా?

అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే, నేనూ ఇదే చేశాను. సరిగ్గా తిండి పెడితే ఏడాది తిరిగేసరికి రెండు మూడు అడుగులు అవుతుంది, మూడు నాలుగేళ్ళలో నాలుగైదు అడుగులు దాటుతుంది. మగది ఆరడుగుల దాకా కూడా పోతుంది. 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. ఏడాదికొక గూడు కట్టుకుంటూ పోతే మూడు గూళ్ళ ఖర్చు, మూడు గూళ్ళ చెత్త. పిల్లగా ఉన్నన్నాళ్ళు ఒక చిన్న రెడీమేడ్ పెట్టె చాలు, కట్టేది మాత్రం పెద్దయ్యాక ఎంత అవుతుందో ఆ లెక్కకే కట్టండి. కొనే రోజున ఒకసారి ఇంట్లో నిలబడి, 8 అడుగుల పొడవు గోడ ఖాళీగా ఎక్కడుందో చూడండి. అలాంటి గోడ లేకపోతే ఇగువానా మీ ఇంటికి కాదు.

8×4×6 అనే కొలత ఎక్కడి నుంచి వచ్చింది?

దీని తోకే ఒంట్లో సగానికి పైగా ఉంటుంది. లోతు 2 అడుగులుంటే వెనక్కి తిరిగిన ప్రతిసారీ తోక గోడకు కొట్టుకుంటుంది, చివర చితికి నల్లబడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. ఇది చెట్టు మీద బతికే జీవి, అందుకే ఎత్తు కావాలి. పైన వేడి, కింద చల్లదనం, మధ్యలో తనకు నచ్చిన చోటు వెతుక్కునే వీలుండాలి, అందుకని పొడవు కావాలి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు, 6 అడుగుల ఎత్తు కన్నా తగ్గితే పెద్ద మగదానికి ఇరుకే. చోటుంటే ఇంకా పెంచండి.

8×4×6కి ఇంకో లాభం ఉంది. ప్లైవుడ్ షీటు 8×4 అడుగుల్లోనే వస్తుంది కదా, సరిగ్గా 5 షీట్లతో పని అయిపోతుంది. అడుగుకు ఒకటి, పైకప్పుకు ఒకటి. పక్క గోడలకు రెండు, వాటిని 6 అడుగుల దగ్గర కోయించండి, రెండేసి అడుగుల ముక్క రెండింటిలోనూ మిగులుతుంది. వెనక గోడకు ఐదో షీటు అడ్డంగా పెట్టి, దాని మీద ఆ మిగిలిన రెండు ముక్కలను పక్కపక్కన పెడితే 8×6 నిండుతుంది. రంపం మందం కాస్త పోతుంది కాబట్టి అతుకుల మీద రెండంగుళాల చెక్క పట్టీ లోపలి నుంచి కొట్టించండి. ముందు వైపు తలుపులే కాబట్టి అక్కడ షీటు పెట్టే పని లేదు.

పాత అల్మారానో, ఫిష్ ట్యాంకో మార్చుకుంటే?

పాత ఇనప బీరువా వద్దు, ఎండకు వేడెక్కి చలికి మంచులా అవుతుంది. పాత చెక్క షోకేస్ అయితే పిల్లగా ఉన్నప్పుడు వాడుకోవచ్చు, కింద చెప్పబోయే లైట్లు పట్టే చోటుండాలి. ఫిష్ ట్యాంక్ అసలు పనికిరాదు, గాలి ఆడదు, ఎత్తు ఉండదు.

ఏ చెక్క వాడాలి?

నా మొదటి గూడు ఎండీఎఫ్‌తో (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే బోర్డు) కట్టించాను. చవగ్గా వచ్చింది, నున్నగా ఉంది, పెయింట్ బాగా పట్టింది. జూలైలో రోజూ నీళ్ళు చల్లడం మొదలుపెట్టాక నీళ్ళ టబ్బు పెట్టిన మూల పూరీలా పొంగింది, గోరుతో గీస్తే పొట్టు రాలింది, ఆగస్టుకు నల్ల బూజు. ఈ జంతువుకు గాలిలో తేమ 70 శాతం దగ్గర ఉండాలి, ఆ తేమలో ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, మామూలు కమర్షియల్ ప్లై ఏవీ నిలవవు.

ఐఎస్ 710 ముద్ర (భారతీయ ప్రమాణాల గుర్తు) ఉన్న మెరైన్ ప్లై (నీళ్ళను తట్టుకునే రకం) తీసుకోండి, 18 ఎంఎం మందం. డబ్బు దగ్గర ఇబ్బందైతే అడుగుకూ వెనక గోడకూ మెరైన్ వాడి, మిగతా వాటికి ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళను తట్టుకునే) రకం వాడొచ్చు. ముద్ర షీటు మీద ఉందో లేదో మీరే చూడండి, బిల్లు మీద రాయించుకోండి. ఇప్పుడు వంటింటి అల్మారాలకు వాడే పీవీసీ ఫోమ్ బోర్డు, మల్టీవుడ్ లాంటివి కూడా కొందరు వాడుతున్నారు. నీళ్ళకు అవి భేషుగ్గా ఉంటాయి, చెద పట్టదు. కానీ బల్బుకు దగ్గరగా ఉన్న చోట వేడికి మెత్తబడి వంగుతాయి, స్క్రూ పట్టు కూడా ప్లై అంత ఉండదు. పైకప్పుకు మాత్రం అవి వద్దని నా మాట.

కార్పెంటర్‌కు ఏమేం చెప్పాలి?

ఆయన జీవితంలో బల్లికి గూడు కట్టి ఉండడు, వార్డ్‌రోబ్ లెక్కలో ఆలోచిస్తాడు. అందుకని ముందే కూర్చోబెట్టి మూడు విషయాలు చెప్పండి. ఒకటి, మేకులు వద్దు, అన్నీ స్క్రూలు, నట్టు బోల్టులే, రేపు ఇల్లు మారితే విప్పేలా ఉండాలి. రెండు, లోపలికి ఏ మొనా పొడుచుకు రాకూడదు. మూడు, బరువు. ఒక్కో షీటే 30 కిలోల పైన ఉంటుంది, చట్రం, తలుపులు, కొమ్మలు కలిపితే మొత్తం 200 కిలోలు దాటుతుంది. కాబట్టి కింద ఇనుప చదరపు పైపుతో ఫ్రేము చేయించి, బ్రేకులున్న పెద్ద చక్రాలు ఆరు పెట్టించండి. నాలుగైతే మధ్యలో అడుగు పలక కుంగుతుంది.

ఇంకొకటి, మన ఫ్లాట్లలో బెడ్‌రూమ్ గుమ్మం 3 అడుగులే ఉంటుంది. 4 అడుగుల లోతు గూడు హాల్లో కట్టేసి తర్వాత గదిలోకి నెడదాం అనుకుంటే అది గుమ్మం దాటదు. ఎక్కడ పెట్టాలో అక్కడే బిగించాలి.

నీళ్ళు పడినా చెక్క పాడవకుండా పైన ఏం పూయాలి?

ముందు ప్రతి కోసిన అంచుకూ పూత పడాలి, ప్లై నీళ్ళు తాగేది ముఖం నుంచి కాదు, అంచుల నుంచి. స్క్రూ రంధ్రాలకు కూడా. నేను వాటర్ బేస్డ్ పాలీయురెథేన్ మూడు కోట్లు వేయించాను, కోటుకూ కోటుకూ మధ్య సన్న ఎమెరీతో రుద్దించి. అడుగు మీద అదనంగా వినైల్ ఫ్లోరింగ్ షీటు పరిచి, నాలుగు వైపులా నాలుగంగుళాలు గోడ మీదికి ఎక్కించి అతికించాను, అప్పుడు అడుగు మొత్తం ఒక పళ్ళెంలా తయారవుతుంది. మూలలన్నింటికీ అక్వేరియం సిలికాన్. బాత్‌రూమ్ సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది వద్దు.

పూతలన్నీ అయ్యాక తలుపులు బార్లా తెరిచి కనీసం పది రోజులు ఆరనివ్వండి. తల లోపల పెట్టి గట్టిగా వాసన చూడండి. కాస్తైనా పెయింట్ వాసన వస్తే ఇంకో వారం ఆగాలి.

తలుపు గాజుదా, జాలీదా?

రెండూ కావాలి. నావి ముందువైపు రెండు తలుపులు, చెక్క చట్రంలో 5 ఎంఎం టఫెన్డ్ గాజు. యాక్రిలిక్ తేలికే కానీ ఈ గోళ్ళకు నెలలోనే గీతలు పడి మసకబారుతుంది, వేడికి వంగుతుంది. జాలీ కావాల్సిన చోట దోమల జాలీ ఎప్పుడూ వాడకండి, గోరు ఇరుక్కుని లాక్కుంటే వేలు ఊడుతుంది. అర అంగుళం కన్నుల జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్ తీసుకుని, కోసిన అంచులను చెక్క పట్టీ కింద దాచేయండి.

గాజు కింది భాగంలో ఒక అడుగు ఎత్తు దాకా మబ్బుగా ఉండే ఫిల్మ్ అతికించండి. లేకపోతే అవతల దారి ఉందనుకుని రోజంతా ముక్కుతో నెడుతూనే ఉంటుంది, ముక్కు చర్మం లేచి పుండు పడుతుంది. గడియలు పైనొకటి, కిందొకటి ఉండాలి. దీనిదీ ఉడుం పట్టే, సందు దొరికితే గోళ్ళు దూర్చి తెరుస్తుంది.

వేడికి ఒక పెద్ద బల్బు పెడితే చాలదా?

ఈ ప్రశ్నకు జవాబు కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఎక్కువ ఇగువానాలు దెబ్బ తినేది ఇక్కడే.

చిన్న బల్లికి ఒక బల్బు వేసే వెలుగు ఒళ్ళంతా కప్పుతుంది. పెద్దదానికి అదే బల్బు వెన్ను మీద ఒక్క చోట, అరచేయంత మేర మాత్రమే కాలుస్తుంది, మిగతా ఒళ్ళు చల్లగానే ఉంటుంది. ఒళ్ళంతా వేడెక్కలేదు కాబట్టి అది అక్కడి నుంచి కదలదు, గంటల తరబడి ఆ ఒక్క చోటే కాలుతుంది. అందుకని 150 వాట్లది ఒకటి కాకుండా, 75 వాట్ల హాలోజెన్ ఫ్లడ్ బల్బులు రెండు, వీలైతే మూడు, పక్కపక్కనే వరసగా పెట్టండి. మెడ నుంచి తోక మొదలు దాకా వేడి సమానంగా పడాలి. బల్బు కింద అర (అది పడుకునే చెక్క పలక) మీద ఉష్ణోగ్రత 35 నుంచి 38 డిగ్రీల సెల్సియస్, గూట్లో మిగతా చోట 26 నుంచి 31 మధ్య, రాత్రిపూట 23కి తగ్గకుండా ఉండాలి. చేత్తో ముట్టుకుని అంచనా వేయకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి కొనుక్కోండి, దానితో పాటు గాలి వేడి చూడటానికి రెండు చివర్లా రెండు డిజిటల్ మీటర్లు.

బల్బులు, సిరామిక్ హీటర్లు (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేవి) గూటి లోపల ఉంటే వాటి చుట్టూ ఇనప జాలీ గార్డు తప్పనిసరి. మొదటి గూట్లో నేను గార్డు పెట్టలేదు. డిసెంబర్‌లో ఒక రాత్రి చలికి భీముడు పైకి ఎక్కి సిరామిక్ హీటర్‌కు వెన్ను ఆనించి పడుకున్నాడు. వీటికి కింది నుంచి, దగ్గర నుంచి కాలే వేడి వెంటనే తెలియదు. పొద్దున చూసేసరికి వెన్ను మీద గోధుమ రంగు మచ్చ, రెండు రోజులకు తోలు లేచింది. డాక్టర్ గారు రాసిన పూతమందు రెండు నెలలు రాశాం. ఇప్పటికీ వాడి వెన్ను ముళ్ళ వరుసలో మధ్యన మూడు ముళ్ళు లేవు, ఆ సందు చూసినప్పుడల్లా నాకు బాధే. పది నిమిషాల పని, రెండడుగుల జాలీ, అంతే కావాల్సింది.

హీట్ రాక్ అని అమ్ముతారు, వేడెక్కే రాయి. అది కొనకండి. రాత్రి ఎర్ర బల్బులూ వద్దు, దానికి ఆ వెలుగు కనిపిస్తుంది, నిద్ర పట్టదు. రాత్రి వేడి కావాలంటే వెలుగు లేని సిరామిక్ హీటర్, పింగాణీ హోల్డర్‌లో, థర్మోస్టాట్‌తో (వేడిని చూసుకుని హీటర్‌ను తనే ఆపి, వేసే పరికరం). థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే కొన) వైరును అది పడుకునే ఎత్తులో గట్టిగా క్లిప్ చేయండి. ప్రోబ్ జారి కింద పడితే హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది.

యూవీబీ లైటు నిజంగా అవసరమా? మా ఇంట్లోకి ఎండ బాగా వస్తుంది.

కిటికీ గాజు గుండా వచ్చే ఎండలో వెలుగుంటుంది, వేడి ఉంటుంది, యూవీబీ (ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) మాత్రం ఉండదు, గాజు దాన్ని ఆపేస్తుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వాచినట్టు లావవుతాయి, వేళ్ళు వణుకుతాయి, చివరికి కొమ్మ మీద నుంచి పడి ఎముక విరుగుతుంది. మన దగ్గర డాక్టర్ల దాకా వచ్చే ఇగువానాల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

టీ5 హెచ్ఓ ట్యూబు (ఎక్కువ శక్తి ఇచ్చే సన్న యూవీబీ ట్యూబు) తీసుకోండి, 10.0 లేదా 12 శాతం అని దాని మీద ఉంటుంది. నాలుగడుగులది, 54 వాట్లది, రిఫ్లెక్టర్‌తో. గూటి లోపల, హాలోజెన్‌ల పక్కనే బిగించండి, ఎండలో లాగా వేడి, యూవీ రెండూ ఒక్కచోటే పడాలి. మధ్యలో జాలీ లేకపోతే ట్యూబుకూ వెన్నుకూ 15 నుంచి 18 అంగుళాల దూరం. జాలీ అడ్డముంటే మూడో వంతు దాకా యూవీ అక్కడే పోతుంది. వెలుగుతున్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు, ట్యూబు కంటికి బాగానే కనిపిస్తుంది కానీ యూవీ తగ్గిపోతుంది, ఏడాదికొకసారి మార్చండి. బిగించిన తేదీ ట్యూబు చివర మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

బాల్కనీలో ఎండలో పెట్టొచ్చా?

పెట్టాలి కూడా. పొద్దున ఎండ దీనికి మించిన మందు లేదు. కానీ గాజు పెట్టెలో కాదు, జాలీ పంజరంలో, సగం భాగం నీడ ఉండేలా. గాజు పెట్టెను ఎండలో పెడితే పావుగంటలో ప్రాణం పోయేంత వేడెక్కుతుంది. కొత్త పంజరమైతే మొదటి రోజు పక్కనే కూర్చోండి, కాకులు, గద్దలు, పిల్లులు అన్నీ వస్తాయి.

హైదరాబాద్ ఎండాకాలంలో తేమ ఎలా నిలపాలి?

వానాకాలంలో ఏమీ చేయక్కర్లేదు, విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ టెన్షనే లేదు. మన దక్కనులో మార్చి నుంచి మే దాకానే కష్టం, గాలి పొడిబారి పెదవులే పగులుతాయి, దాని తోలు ముక్కలు ముక్కలుగా ఊడి వేళ్ళకు, తోకకు చుట్టుకుని రక్తం ఆడకుండా బిగుసుకుంటుంది. పొద్దున, సాయంత్రం చేత్తో స్ప్రే చేయండి, మధ్యాహ్నం టైమర్ పెట్టిన మిస్టింగ్ పంపు (సన్నగా తుంపర చల్లేది) ఒక నిమిషం నడవనివ్వండి. పైన గాలి రంధ్రాలు మరీ ఎక్కువగా ఉంటే సగం మూసేయండి. మందార మొక్క కుండీతో సహా లోపల పెడితే తేమ నిలుస్తుంది, ఆకులు, పువ్వులు అదే తినేస్తుంది కూడా. మందు కొట్టని మొక్కై ఉండాలి. గన్నేరు దగ్గరికి కూడా రానివ్వకండి, అది విషం.

గాలి రంధ్రాలు మొత్తం మూయకండి. ఒక పక్క గోడకు కింద ఒకటి, ఎదురు గోడకు పైన ఒకటి, అడుగు పొడవు నాలుగంగుళాల వెడల్పు ఉంటే చల్లగాలి కింద నుంచి వచ్చి వేడిగాలి పై నుంచి పోతుంది. గాలి ఆడని తేమలో బూజు, దాని వెంటే ఊపిరితిత్తుల జబ్బు.

కొమ్మలు ఏవి? ఎలా బిగించాలి?

జామ కొమ్మకు మించింది లేదు, గట్టిగా ఉంటుంది, బెరడు నున్నగా ఉన్నా గోరు పడుతుంది. మామిడి, సరుగుడు కూడా వాడుకోవచ్చు. లావు దాని ఒంటి వెడల్పంత ఉండాలి, సన్న కొమ్మ మీద పడుకుంటే పొట్ట మీద బరువంతా పడుతుంది. మరుగుతున్న నీళ్ళు పోసి కడిగి, ఎండలో నాలుగు రోజులు ఎండబెట్టి వాడండి. బిగించేటప్పుడు గోడ బయటి నుంచి పెద్ద వాషర్ వేసి బోల్టు కొమ్మలోకి దించాలి. తాళ్ళు, కేబుల్ టైలు నమ్మకండి.

బల్బుల కింద ఒకటిన్నర అడుగు వెడల్పు అర ఒకటి తప్పనిసరి. అన్నీ అయ్యాక ఆ అర మీద, ప్రతి కొమ్మ మీద 10 కిలోల బియ్యం సంచి ఒక రాత్రంతా ఉంచి చూడండి. పొద్దున్నకు ఏదైనా కిందికి వాలితే మళ్ళీ బిగించండి. జంతువు 4 కిలోలే కావచ్చు, కానీ అది దూకుతుంది.

అడుగున ఇసుక, కొబ్బరి పొట్టు వేయాలా?

వద్దు. తిండితో పాటు మింగుతుంది, పేగులో అడ్డం పడుతుంది. వినైల్ షీటు మీద పాత న్యూస్‌పేపర్లు చాలు, రోజూ తీసి పారేయొచ్చు.

నీళ్ళ టబ్బు ఎంతది? దాన్ని రోజూ ఎత్తి పారబోయాలా?

అది ఒళ్ళంతా ముంచేంత ఉండాలి, 40 లీటర్ల టబ్బు అనుకోండి. ఇగువానాలకు నీళ్ళలోనే దొడ్డికి వెళ్ళే అలవాటు, అందుకని రోజూ నీళ్ళు మార్చాలి. 40 లీటర్ల మురికి నీళ్ళు రోజూ వంగి ఎత్తితే నడుం పోతుంది. ప్లంబర్‌ను పిలిచి, సింకుకు వాడే వేస్ట్ కప్లింగ్‌ను టబ్బు అడుగున పెట్టించి, అడుగు పలకలో రంధ్రం చేసి, కింద నుంచి పైపు బాత్‌రూమ్ దాకా తీయించాను. ఇప్పుడు మూత తీస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. చెక్కలో ఆ రంధ్రం అంచుకు మాత్రం నాలుగు కోట్లు పూత, చుట్టూ సిలికాన్. ఈ గూట్లో నేను చేయించిన పనులన్నింటిలో రోజూ నన్ను ఆదుకునేది ఇదే.

కరెంటు బిల్లు ఎంత వస్తుంది? కరెంటు పోతే?

రెండు హాలోజెన్‌లు 150 వాట్లు, ట్యూబు 54, రోజుకు 12 గంటలు. రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్ల దాకా. చలికాలంలో రాత్రి హీటర్ కూడా నడిస్తే 100 దాకా అవుతుంది.

గూటికి వేరే లైను లాగించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. నీళ్ళు, కరెంటు ఒకే పెట్టెలో ఉన్నాయని మర్చిపోకూడదు. ప్రతి వైరూ లోపలికి పోయే ముందు ఒక కిందికి వేలాడే వంపు తిరగాలి, నీటిబొట్టు వైరు వెంట జారినా ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పగలు కరెంటు గంట రెండు గంటలు పోతే ఏం కాదు. జనవరి రాత్రి ఎక్కువసేపు పోతే వేడినీళ్ళ సీసాలు తువ్వాలలో చుట్టి అర మీద పెట్టండి, గూటి మీద దుప్పటి కప్పండి.

మే నెలలో గదే 38 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు?

అప్పుడు హాలోజెన్‌లు పూర్తిగా ఆపేయండి, యూవీబీ ఒక్కటే వెలగనివ్వండి. వేడి ఎక్కువైతే దానికి చెమట పట్టదు, చల్లని చోటికి పోవడం ఒక్కటే దారి, గూడంతా వేడైతే పోయేందుకు చోటే ఉండదు. నోరు తెరుచుకుని ఆయాసపడుతుంటే వెంటనే గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టండి, ఫ్రిజ్ నీళ్ళు కాదు. గూడు పడమటి గోడకు ఆనించకండి, పై అంతస్తు వాళ్ళైతే మరీ. మేం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా ఆ గదిలో ఏసీ 28లో పెడతాం.

చీమలు, చెదలు?

గోడకూ గూటికీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదలండి, వెనక ఏం జరుగుతోందో టార్చి వేసి చూడొచ్చు. తిండి సాయంత్రానికల్లా తీసేస్తే చీమలు సగం రావు. చీమల చాక్‌పీసు, బొద్దింకల స్ప్రే గూటి దగ్గర వాడొద్దు.

మొత్తం ఎంత ఖర్చయింది?

నాకు 60 వేలు దాటింది. అందులో చెక్క, కార్పెంటర్ కూలి కలిపి సగం కన్నా కాస్త ఎక్కువ, మిగతాది లైట్లు, థర్మోస్టాట్, పంపు, వైరింగ్. డబ్బు తక్కువ పడితే గాజు తలుపు బదులు జాలీ తలుపు, మంచి పాలిష్ బదులు మామూలు రంగు, ఇలా తగ్గించుకోండి. యూవీబీ దగ్గర, థర్మోస్టాట్ దగ్గర తగ్గించకండి.

మేం అమెరికాలో ఉంటాం. ఇదే కొలత పనికొస్తుందా?

అక్కడ కూడా ప్లైవుడ్ 4×8 అడుగులే కాబట్టి లెక్క సరిపోతుంది. ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. ఫ్లోరిడాలో 2021 నుంచి ఆకుపచ్చ ఇగువానాను కొత్తగా పెంపుడు జంతువుగా తెచ్చుకోవడం నిషేధం. పెంచలేక వదిలేసినవీ, తప్పించుకున్నవీ అక్కడ వేలకు వేలుగా పెరిగాయి, చలి గాలులు వీచిన రాత్రుల్లో కొయ్యబారి చెట్ల మీద నుంచి రాలిపడతాయి. డాలస్ లాంటి చోట్ల చలికాలమే అసలు సమస్య, గోడలకు రెండు పొరల మధ్య ఇన్సులేషన్ ఫోమ్ పెట్టండి.

టేగూకు, బియర్డెడ్ డ్రాగన్‌కు ఇదే కట్టొచ్చా?

టేగూ కూడా పెద్ద బల్లే, కానీ నేల మీద తిరిగి తవ్వుకునే జీవి. దానికి ఎత్తు సగం చాలు, అడుగున మాత్రం ఒకటిన్నర అడుగుల లోతు మట్టి పట్టాలి, ఆ తడిమట్టి బరువుకు ఫ్రేము ఇంకా గట్టిది కావాలి. బియర్డెడ్ డ్రాగన్ చిన్న బల్లి, దానికి 4×2×2 అడుగులు చాలు, తేమ తక్కువుండాలి.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, భయం లేదా?

రెండు జాగ్రత్తలు. ఒకటి, సాల్మొనెల్లా, వీటి మలంలో, ఒంటి మీద ఉండి మనకు విరేచనాలు తెచ్చే బాక్టీరియా. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. టబ్బు, గిన్నెలు వంటింటి సింకులో ఎప్పుడూ కడగొద్దు. ఐదేళ్ళ లోపు పిల్లల్ని గూటి దగ్గరికి పంపకండి. రెండు, మగ ఇగువానాకు జత కట్టే కాలం వస్తుంది, ఒళ్ళు నారింజ రంగుకు తిరుగుతుంది, గొంతు కింద తోలు విప్పి తల ఊపుతుంది, అంతవరకు చేతిలో తిన్నదే కొరకడానికి వస్తుంది. తోకతో కొడితే చర్మం లేస్తుంది. అందుకే తిండి గిన్నెకు వేరే చిన్న తలుపు పెట్టించండి, పెద్ద తలుపు తెరవకుండానే పెట్టి తీయొచ్చు.

గూడు పూర్తయింది. ఎప్పుడు లోపలికి పంపాలి?

ముందు ఖాళీ గూట్లో మూడు రోజులు అన్నీ నడపండి. పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి, తెల్లవారుజామున 5కి ఉష్ణోగ్రత, తేమ ఒక కాగితం మీద రాయండి. తెల్లవారుజాము అంకె ముఖ్యం, చలి దిగేది అప్పుడే. మూడు రోజుల అంకెలు హద్దులో ఉంటే పంపండి. మొదటి వారం తిండి తగ్గిస్తుంది, ఒక మూల నల్లబడి కూర్చుంటుంది. భీముడు ఆరు రోజులు జామ కొమ్మ ఎక్కలేదు. ఏడో రోజు పొద్దున చూస్తే నాలుగు కాళ్ళూ కిందికి వేలాడేసి దాని మీద పడుకుని ఉన్నాడు.

పాత చిన్న గూడు ఏం చేయాలి?

పారేయకండి. జబ్బు చేసినప్పుడు, పెద్ద గూడు కడిగినప్పుడు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు అదే కావాలి. ఒక హీటర్, ఒక కొమ్మ, ఒక తువ్వాలు అందులో సిద్ధంగా ఉంచుకోండి.